ఎస్తేరమ్మ తెచ్చిన కుండ

కుండ నా టేబుల్ మీద ఉంది. కొత్త మట్టికుండ. మూతికి ఎర్రబట్ట కట్టి, కొమ్మకు వేలాడదీయడానికి వీలుగా తాడు కూడా బిగించారు. కింద బట్టల షాపు, పైన నా ఆఫీసు. మధ్యలో మెట్ల మీద బిల్డింగు ఓనరు సుమిత్రమ్మ నిలబడి గొణుగుతూనే ఉంది. అస్థికల కుండను ఎవరైనా ఇంట్లోకి తెస్తారా, ఊరి బయట చెట్టుకు కట్టాలిగానీ, తెచ్చిన ఆమెకు తెలియకపోతే పోనీ నవనీతకైనా, అంటే నాకైనా, బుద్ధి ఉండొద్దా అని. తెచ్చిన ఆమెకు నిజంగానే తెలియదు. కోహెడ నుంచి సిద్దిపేట దాకా బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. కండక్టరు అందులో ఏముందని అడిగితే పెరుగని చెప్పిందట.

ఎస్తేరమ్మ నన్ను అడిగింది ఒక్కటే.

"మేడమ్, ఇండ్ల ఉన్నది నా బిడ్డనేనా?"

నేను పోలీసు ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని. నా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా పెళ్లి ఎంక్వైరీలు. పిల్లోడు తాగుతాడా, పిల్లకు ముందే ఎవరైనా ఉన్నారా, ఇవే. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆ పొద్దున మాత్రం ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పమన్నాను.

స్నేహ ఆమె పెద్ద కూతురు. జువాలజీలో పీజీ చేసింది. అడవుల్లో, జంతువుల మధ్య పని కావాలని దాని పట్టుదల. అనుభవం ఉంటేనే తీసుకుంటామని అందరూ అంటుంటే, సిద్దిపేటలో విదేశాలకు పంపే కన్సల్టెన్సీ నడిపే సాయిప్రసాద్ దారి చూపించాడు. థాయిలాండ్‌లో ఒక ప్రాజెక్టు ఉంది. దుంగలు లాగించి, టూరిస్టుల సవారీలకు తిప్పి, ఒళ్లు హూనం చేసిన ఏనుగులను విడిపించి తెచ్చి, వాటి మీద పరిశోధన చేస్తారు. అందులో వాలంటీరుగా స్నేహ వానాకాలంలో వెళ్లింది. మొదట్లో రోజూ వీడియో పంపేది. ప్రాజెక్టు గడువు అయిపోయాక ఇంకో క్యాంపుకు పోతున్నానంది. అక్కడి నుంచి ఫోన్లు తగ్గాయి, "బిజీ" అని పొడి మెసేజీలు మిగిలాయి, తర్వాత అవీ లేవు. ఎస్తేరమ్మ తిరగని ఆఫీసు లేదు. చివరికి హైదరాబాదు పోయి టీవీ వాళ్ల ముందు కూర్చుంటానని సాయిప్రసాద్ మొహం మీదే చెప్పింది.

ఆ వారంలోనే అతను కారేసుకుని కోహెడ పోయాడు. ఏనుగు తొక్కి స్నేహ చనిపోయిందని, అక్కడే దహనం చేశారని చెప్పి కుండ చేతిలో పెట్టాడు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఆ కుండకు మట్టి కార్యం. స్నేహ తండ్రి కృపాకర్ సమాధి పక్కనే పాస్టరు సామ్యూల్ గారు గుంత తవ్వించి పెట్టారు.

సాయిప్రసాద్ చెప్పినవాటిలో నీకు ఏది మింగుడు పడలేదని అడిగాను. ఎస్తేరమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"గోదావరిల కలుపుమన్నదట మేడమ్. నాకేమన్న అయితె కాలేశ్వరం కాడ గోదావరిల కలుపున్రి అని నా బిడ్డనే చెప్పిందట. అది గట్లనదు. పోయే ముందుగాల వాళ్ల నాయిన సమాధి కాడికి తీస్కపోయి, అవ్వా గీ జాగ నీది, పక్కది నాది, కిరాయికియ్యకు అని నవ్వింది."

ఆమె నుదుటి వైపు చూశాను. బోసిగా ఉంది. ఆ మధ్యలో చిన్న గుండ్రటి మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కన్నా తెలుపు. అప్పుడు నాకు అర్థమైంది. కాగితాల్లో వీళ్లు హిందువులు. ఆదివారం చర్చి మనుషులు. మా దగ్గర ఇది ఊరందరికీ తెలిసిన సంగతే, పైకి ఎవరూ అనరు. బయటపడితే మతం మారారని ఎస్సీ కులం సర్టిఫికెట్ పోతుంది, దాంతోపాటు పిల్లల చదువు పోతుంది. అందుకని ఎస్తేరమ్మ ఆఫీసుల పనికి బయల్దేరితే బస్సెక్కగానే నుదుటికి స్టిక్కరు అంటిస్తుంది, తిరుగు బస్సులో తీసి రవికెకు అంటించుకుంటుంది. సాయిప్రసాద్ ఆఫీసుకు పోయిన ప్రతిసారీ స్టిక్కరుతోనే పోయింది. కోహెడ వచ్చి కుండ ఇచ్చినప్పుడు కూడా అతను ఇంటి దాకా పోలేదట, బస్టాండులోనే చేతిలో పెట్టాడట.

అతను చూసింది స్టిక్కరును. నమ్మింది కాగితాన్ని.

పేపరు పరిచి కుండ విప్పాను. అటు తిరిగి కూర్చోమన్నా ఎస్తేరమ్మ తిరగలేదు. పైన మెత్తటి బూడిద. కింద బొగ్గు పుల్లలు, లోపల బెండు మాడి డొల్లగా ఉన్నాయి. పత్తికట్టె. మా జిల్లాలో ఏ పొయ్యిలో చేయి పెట్టినా దొరికేది ఇదే. ఇంకా అడుగున తెల్లగా కాలిన ఎముక ముక్కలు. ఒకటి తీసి కిటికీ దగ్గరకు పట్టుకుపోయాను. ఒక కొస విరిగిపోయింది. రెండో కొసన గుండ్రంగా రెండు బుడిపెలు, వాటి మధ్య గాడి.

ప్రతి ఆదివారం మా ఇంట్లో కాళ్ల పులుసే. ఈ ఎముకను చిన్నప్పటి నుంచీ చీకుతున్నాను. మనిషి ఒంట్లో ఇలాంటిది ఎక్కడా ఉండదు. ఇది మేక కాలు.

దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఎస్తేరమ్మకు చెప్పలేదు. ఇది స్నేహ కాదంటే, మరి నా బిడ్డ ఎక్కడుందని అడుగుతుంది. ఆశ చూపించి సాయంత్రానికి లాక్కోవడం నా వల్ల కాదు. కుండను మళ్లీ కట్టి ఇచ్చి, నేనొచ్చేదాకా గుంతలో దించొద్దని గట్టిగా చెప్పాను.

ఎస్తేరమ్మను పంపే ముందు, స్నేహ పంపిన వీడియోల్లో ఆఖరిది ఆమె ఫోనులో చూశాను. స్నేహ వెదురు మంచె మీద కూర్చుని తల్లితో గుసగుసగా మాట్లాడుతోంది. "అవ్వా, గిన్ని దినాలాయె, ఒక్క ఏనుగును గూడ ముట్టనియ్యలే. గీ మంచె మీదికెళ్లి చూసుడే. ఏం తింటాంది, ఎవల పక్కన నిలవడ్డది, గంతే రాసుకునుడు. మనిషి చెయ్యి తగిలితే వీటికి పాతయన్ని యాదికొస్తయట." దూరంగా దుంగల కంచె అవతల ఒక ముసలి ఏనుగు నిలబడి ఉంది. దాని కాలికి గొలుసు లేదు. అయినా గొలుసు ఉన్నట్టే అటూ ఇటూ ఊగుతోంది, ఆపకుండా. స్నేహ చర్చి పాట ఒకటి కూనిరాగం తీసింది. ఊగుడు నెమ్మదించింది. కొంచెం సేపటికి ఏనుగు చెవులు కదపకుండా నిలబడిపోయింది. పాట అయిపోయినా స్నేహ చివరి రాగాన్ని వదల్లేదు, లాగుతూనే ఉంది.

"చర్చిల గూడ గంతే," ఎస్తేరమ్మ అంది. "అందరు ఆపినంక గూడ అది ఆపది. పాస్టరుగారు ఎన్నిసార్లు కోపం జేసిండో."

ఆమెను కోహెడ బస్సెక్కించి, నేను సాయిప్రసాద్ ఆఫీసుకు పోయాను.

సాయిప్రసాద్‌ది పాత వ్యాపార కుటుంబం. తండ్రి ఎరువుల షాపు మూసేసి ఆ గదుల్లోనే కన్సల్టెన్సీ పెట్టాడు. గోడల నిండా ఏనుగుల పోస్టర్లు, వాటి తొండాలు నిమురుతూ నవ్వే తెల్లవాళ్లు. నేను వస్తానని ముందే తెలిసినట్టుంది, పక్కన హరికిషన్‌ను కూర్చోబెట్టుకున్నాడు. హరికిషన్ నా తర్వాత రెండు బ్యాచ్‌ల వాడు. నాలాగే ఖాకీ విప్పేసి హైదరాబాదులో పెద్ద ఏజెన్సీ పెట్టాడు. నా కేసుల్లో తేలు దూరినట్టు దూరడం అతనికి అలవాటు. అక్కా అని పిలుస్తూనే గోతులు తీస్తాడు.

సాయిప్రసాద్ ఏడుపు మొహం పెట్టి అంతా చెప్పుకొచ్చాడు. పొద్దున్నే నదిలో ఏనుగుకు స్నానం చేయిస్తుండగా జరిగిందట. బ్రష్షుతో వీపు రుద్దుతుంటే ఏనుగు ఒక్కసారిగా తిరిగిందట. నేను చాలా జాలిగా తల ఊపాను. రోజూ కడిగే ఏనుగేనా అని అడిగాను. రోజూ కడిగేదే, స్నేహ చేతి అలవాటు దానికి బాగా ఉండేదని, అందుకే అక్కడివాళ్లకు కూడా నమ్మబుద్ధి కాలేదని అన్నాడు.

ఎస్తేరమ్మ ఫోను నుంచి నా ఫోనుకు పంపించుకున్న వీడియో తీసి టేబుల్ మీద పెట్టాను. ఒక్క ఏనుగును గూడ ముట్టనియ్యలే అన్న స్నేహ గొంతు గదిలో వినిపించింది. సాయిప్రసాద్ కళ్లు పోస్టర్ల వైపు పోయాయి. పాపం, పిల్లలను పంపడమేగానీ వాళ్లు అక్కడ ఏం చేస్తారో ఎప్పుడూ అడిగి ఉండడు. ఏనుగంటే కడగడమే అనుకున్నాడు.

హరికిషన్ వెంటనే అందుకున్నాడు. అది మొదటి క్యాంపు అన్నాడు, రెండో క్యాంపులో రూల్సు వేరే ఉండొచ్చన్నాడు. పిల్లలు రూల్సు దాటరా అన్నాడు. మాటకు మాట బాగానే పేర్చాడు, నేను కాదనను.

"సరే, గోదావరి సంగతి చెప్పు సాయిప్రసాద్. గా మాట ఎవరితోటి అన్నది?"

"నాతోనే మేడమ్, ఫోన్ల. నాకేమన్న అయితె మా అమ్మ ఎల్లవ్వకు చెప్పున్రి, గోదావరిల కలుపుమనున్రి అన్నది. నాకు ఇంకా చెవులల్ల ఉన్నది ఆ మాట."

ఎల్లవ్వ. ఆధార్ కార్డులో తప్ప ఆమె ఎక్కడా ఎల్లవ్వ కాదు. కట్టుకున్నవాడు ఎస్తేరనే పిలిచాడు, ఊళ్లో పాలు పోసేవాడూ ఎస్తేరమ్మ అనే పిలుస్తాడు. కన్నకూతురు చావు మాట చెప్తూ తల్లిని రేషన్ షాపు పేరుతో పిలుస్తుందా? నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అక్కడే అరిస్తే లాభం లేదు. నా చూపు చూసి సాయిప్రసాద్‌కు ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది హరికిషన్‌కు.

నా మోచేయి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు ఎక్కడికి పోతున్నవో నాకు తెల్సింది. వాళ్లు చర్చి మనుషులు, గోదావరి మాట అబద్ధం అని కేసుల రాపిస్తె ఏమైతదో సోంచాయించినవా? చర్చికి పోతమని తల్లి సంతకం వెడితె సర్టిఫికెట్ పోతది. చిన్నపిల్ల ఉజ్వల హాస్టల్ల ఉండి చదువుతాంది. దాని సీటు పోతది. పోయిన పిల్ల ఎట్లా రాదు, ఉన్న పిల్లను గూడ రోడ్డు మీదికి తెస్తవా?"

"నీకు గీ ఉపాయం ఆయన చెప్పిండా, నువ్వే ఆయనకు చెప్పినవా?"

అతను చేతి గడియారం చూసుకున్నాడు. ఆ ఇంటివాళ్ల కులం సర్టిఫికెట్‌నే కవచంలా అడ్డం పెట్టుకునేవాడితో మాట్లాడి లాభం లేదు. అతను చెప్పిన దాంట్లో అబద్ధం లేకపోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. బాత్రూం ఎక్కడని అడిగి వెనక్కి పోయాను.

వెనక ఎరువుల బస్తాలు పెట్టుకునే పాత రేకుల షెడ్డు ఉంది. తాళం లేదు. లోపల పాత ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు, గోడ వారగా పత్తికట్టె మోపు. పెరటి మూల సగం కోసిన ఇనుప డ్రమ్ము. దాని లోపలి వైపు మసి ఇంకా తాజాగా ఉంది, అంచుకు అంటిన బూడిద వేలికి మెత్తగా వచ్చింది. డ్రమ్ము అడుగున ఒక చిన్న గిట్ట, కాలీకాలనిది. ఒక పిల్ల చనిపోయిందని తేల్చడానికి మాంసం కొట్టు దాకా పోయి వచ్చాడన్నమాట.

బయటికి వస్తూ ఫ్లెక్సీ చుట్ట పక్కకు జరిపాను. దాని వెనక ఇంకో రెండు కుండలు ఉన్నాయి. అదే కుమ్మరి చేయి, అదే కొలత. వాటి మీద మడిచి పెట్టిన ఎర్రబట్ట ముక్కలు, తాడు.

సాయిప్రసాద్ ద్వారా అదే క్యాంపుకని వెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారని పొద్దున ఎస్తేరమ్మ చెప్పింది. తొగుట నుంచి వెంకటేష్ అనే కుర్రాడు. మిరుదొడ్డి నుంచి సాయిసుధ. వాళ్ల ఇళ్లవాళ్లు ఇంకా బిజీ అనే మెసేజీలు చదువుకుంటూ ఉన్నారు.

ఒక కుండను చంకన పెట్టుకుని గదిలోకి పోయి సాయిప్రసాద్ టేబుల్ మీద పెట్టాను. పక్కన రుమాలు విప్పాను. ముందు హరికిషన్ చూశాడు. ఎముకను చేతిలోకి తీసుకుని తిప్పాడు. అతనూ మా వైపువాడే, అతని ఇంట్లోనూ కాళ్ల పులుసు వండుతారు. ఎముకను టేబుల్ మీద పెట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నాకు గిది తెల్వదు అక్కా," అన్నాడు. మొదటిసారి అతని మాట నమ్మాను.

సాయిప్రసాద్ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. ఇక ఆపకుండా చెప్పాడు, చెప్పిందంతా తనను తాను కాపాడుకోవడానికే. ప్రాజెక్టు మంచిదే, మొదటి పిల్లలు పోయి మంచిగానే వచ్చారట. తర్వాత ఎవరో తెలుగువాడే ఫోన్ చేసి, గడువు అయిపోయినవాళ్లను తమ క్యాంపుకు పంపమన్నాడట. పంపాడు. కారు వచ్చి ఎక్కించుకుంది. ఆ కారు క్యాంపుకు పోలేదు, నది దాటి అవతలి దేశంలోకి పోయింది. అక్కడ ఎత్తు గోడల మధ్య కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, మన దేశం వాళ్లకే ఫోన్లు చేయించి మోసం చేయిస్తారు. చేయనంటే కొడతారు. స్నేహ చేయనంది. రెండుసార్లు గోడ దాకా పోయి దొరికిపోయింది. ఇంటి దగ్గర తల్లి గోల చేస్తోందని తెలిసి వాళ్లు ఇతనికి హుకుం ఇచ్చారు. ఇంటి నోరు మూయించు, లేకపోతే పిల్లనే లేకుండా చేస్తాం అని.

"అందుకే నేను ఇట్ల జేసిన మేడమ్. స్నేహను బతికించెతందుకే."

"బతికే ఉన్నదా?"

తల వంచుకున్నాడు. ఉందని వాళ్లు అంటున్నారని, తాను చాలా రోజులుగా ఆమె గొంతు వినలేదని చెప్పాడు. ఉందో లేదో అతనికీ తెలియదు. ఇంకో సంగతి గొణిగాడు. నాలుగింటికి మట్టి కార్యం జరుగుతుంటే తన ఫోన్లోంచి వీడియో కాల్లో వాళ్లకు చూపించాలట. ఇంట్లోవాళ్లు నమ్మారని వాళ్లకు నమ్మకం కావాలి. స్నేహను కూడా తెర ముందు కూర్చోబెడతారట. నిన్ను మీవాళ్లే పూడ్చేశారు, ఇక నీకోసం వచ్చేవాళ్లు లేరని చూపిస్తే తల వంచి పని చేస్తుందట. కంచె లోపల గొలుసు లేకుండా ఊగిన ఆ ఏనుగు నా కళ్లలో మెదిలింది.

హరికిషన్ లేచి సాయిప్రసాద్ కాలరు పట్టుకున్నాడు. ఇప్పుడే స్టేషనుకు ఈడ్చుకుపోదాం, టీవీ వాళ్లను పిలుద్దాం, మట్టి కార్యం ఆపేద్దాం అన్నాడు. ఒక గంట ముందు ఇదే నోటితో పిల్ల చావును ఖాయం చేసినవాడు. తన పేరు కడుక్కోవాలని ఆత్రం.

"ఆపుతె గా పిల్ల సచ్చిపోతది," అన్నాను. "బతికుంటె గిప్పుడు సచ్చిపోతది. వాళ్లు చూస్తున్నరు. నాలుగింటికి మనం పూడ్చాలె, హరికిషన్. మంచిగ ఏడ్చి పూడ్చాలె."

"తల్లికి చెప్పి పూడిపిస్తవా? ఆమెతోని ఎట్లయితది అక్కా?"

నా పాత ఆఫీసరు ఒకాయనకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆయన మామూలు బట్టల్లో ఇద్దరిని కోహెడ పంపుతానన్నారు. కాల్ కట్టయ్యేదాకా సాయిప్రసాద్‌ను ముట్టుకోరు, కట్టయ్యాక వదలరు. సాయిప్రసాద్‌ను నా బండి వెనక కూర్చోబెట్టుకున్నాను. హరికిషన్ తన కారులో వెనకే వచ్చాడు.

కోహెడ బొందలగడ్డకు చేరేసరికి జనం వచ్చేశారు. ఎక్కువమంది చర్చివాళ్లు, తెల్లచీరలు. పత్తి ఏరే పని మధ్యలో వదిలి వచ్చినట్టున్నారు, చేతుల మీద గీరలు. కృపాకర్ సమాధి మీద సున్నం కొట్టి ఉంది, పక్కన ఎర్రమట్టి కుప్ప. గుంత చిన్నదే, కుండకు సరిపడా. ఎస్తేరమ్మ కుండను ఒళ్లో పెట్టుకుని మట్టి కుప్ప పక్కన కూర్చుంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

ఓదార్చినట్టు వాటేసుకుని చెవిలో చెప్పాను. ఇది స్నేహ కాదక్కా. మేక బూడిద. పిల్లను వేరే దేశంలో పట్టుకున్నారు. బతికే ఉందంటున్నారు, నాకు నమ్మకం లేదు, అబద్ధం చెప్పను. కానీ బతికుంటే ఇప్పుడు నిన్ను చూస్తుంది, పట్టుకున్నవాళ్లూ చూస్తారు. నువ్వు నమ్మినట్టు ఏడవాలి. నువ్వు నమ్మలేదని వాళ్లకు తెలిస్తే దాన్ని చంపేస్తారు.

ఆమె ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. నన్ను తోసేస్తుందనుకున్నాను. తోసేయలేదు.

"నా బిడ్డ సూస్తదా?"

"ఉంటే చూస్తది."

"నేను పూడ్సేది సూస్తదా?"

ఆమె కుండను రెండు చేతులతో ఎత్తుకుని గుంత దగ్గరకు నడిచింది.

సాయిప్రసాద్ ఫోన్ ఎత్తి పట్టాడు. స్పీకరు పెట్టి ఉంచమన్నది నేనే, అవతలి మాట ప్రతిదీ నాకు వినపడాలని. తెర మీద ఏమీ కనిపించలేదు, కెమెరాకు ఏదో అడ్డం పెట్టారు. ఫ్యాన్ల హోరు, దూరంగా ఎవరిదో దగ్గు, అంతే. వాళ్లు మాట్లాడలేదు, చూస్తున్నారు. మఫ్టీలో వచ్చిన ఇద్దరు జనంలో కలిసి నిలబడ్డారు. టీవీ వాళ్ల కోసం వీడియో తీద్దామనేమో, హరికిషన్ జేబులోంచి ఫోన్ తీశాడు, నేను చూసేసరికి మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఎస్తేరమ్మ కుండను గుంతలోకి దించింది. మొదటి పిడికెడు మట్టి వేసింది. ఏడ్చింది. నటించమన్నాను గానీ అది నటన కాదు. ఇన్ని నెలలు ఆఫీసుల మెట్ల మీద, బస్టాండుల్లో ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. స్నేహా, స్నేహా అని గుంతలోకి కాదు, ఫోన్ వైపు తిరిగి పిలిచింది. చెల్లెలు ఉజ్వల తల్లి నడుము పట్టుకుంది. దానికి ఏమీ తెలియదు, ఆ పిల్ల నిజంగానే అక్కను పూడుస్తోంది.

ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. వీడియోలో స్నేహ మంచె మీద కూనిరాగం తీసిన పాటే. వరుసగా ఒక్కొక్కరూ వచ్చి మట్టి వేస్తున్నారు. పాట చివరికొచ్చింది. అందరూ ఒకేసారి ఆపారు.

ఒక గొంతు ఆపలేదు.

సన్నగా, బొంగురుగా, స్పీకరులోంచి. చివరి రాగాన్ని లాగుతోంది. ఒక్క ఊపిరి మేరకు లాగింది. వెంటనే అవతల ఏదో పడ్డ చప్పుడు, ఎవరో తిట్టిన చప్పుడు. కానీ కాల్ కట్ కాలేదు. వాళ్లు ఇంకా చూస్తున్నారు.

స్నేహ బతికే ఉంది. ఇక్కడున్న అందరూ విన్నారు. ముందు వరుసలో ఒకామె తల ఫోన్ వైపు తిరుగుతోంది. పాస్టరుగారి చేతిలో బైబిలు అలాగే ఆగిపోయింది. ఉజ్వల నోరు తెరిచింది. ఆ నోటి నుంచి అక్కా అన్న మాట వస్తే అయిపోయినట్టే.

ఎస్తేరమ్మ ఉజ్వల మొహాన్ని తన రొమ్ముకేసి గట్టిగా అదిమి పట్టుకుంది. తల పైకెత్తి, గొంతు చీల్చుకుని, అదే పాటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఒక్కతే పాడింది. తర్వాత పాస్టరుగారు కలిశారు. తర్వాత తల తిప్పిన ఆమె కలిసింది, ఎందుకో తెలియకపోయినా. ఒక్కొక్కరుగా అందరూ కలిశారు. ఎస్తేరమ్మ పాడుతూనే, ఒక చేత్తో పిల్లను పట్టుకుని వంగి, రెండో చేత్తో మట్టి తోసి గుంత పూడ్చేసింది. పాడుతున్నంతసేపూ ఆమె కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. పాట అయ్యాక ఈసారి ఏ గొంతూ మిగల్లేదు.

కాల్ కట్టయింది.

సాయిప్రసాద్ ఫోన్ మళ్లీ మోగలేదు, మెసేజ్ వచ్చింది. మఫ్టీలో ఉన్నవాళ్లు అతని రెండు పక్కలా వచ్చి నిలబడ్డారు. నేను తెర చూశాను. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. అక్కడ చివర్లో ఎవరన్నా ఏమన్నా విన్నారా అని అడుగుతున్నారు. నిజం చెప్పమంటున్నారు.

జవాబు ఏం పెట్టాలో నాకు తోచలేదు. హరికిషన్‌కూ తోచలేదు. తప్పు మాట పెడితే ఆ గొంతు ఇంకెప్పుడూ వినపడదు. ఆలస్యమైనా అంతే.

మట్టి చేతులతో ఎస్తేరమ్మ మా మధ్యలోకి వచ్చింది. మెసేజ్‌లో ఏముందని అడిగింది. చెప్పాను. ఆమె ఉజ్వలను ఇంకా వదల్లేదు.

"ఎవ్వలు ఏం వినలేదని పెట్టుమను," అంది. "తల్లి ఏడ్సుకుంట ఇంటికి పోయిందని పెట్టుమను."